గుండెజబ్బు - బాధ లేకున్నను పరీక్ష యేల?

పైరునకు తెగులు సోకినచో ఆకుపై మచ్చ కనబడును. నేలలో చౌడు పెరిగినచో పైపొర తెల్లబారును. నెత్తురులో కొలెస్టరాలు పెరిగినచో మాత్రము సాధారణముగా ఏ గుర్తును కనబడదు. రక్తపుపోటు సైతము పెక్కుమందికి బాధ కలిగింపదు. కావున "నేను చక్కగా తిరుగుచున్నాను, నాకు పరీక్ష యేల?" యను మాట ఈ జబ్బు విషయమున చెల్లదు.

కొలెస్టరాలు విషము కాదు. అది మైనమువంటి పదార్థము, దేహమునకు కావలసినదే. అందధికభాగమును దేహమే తయారుచేసికొనును. దానిని మోసికొనిపోవు ఎల్‌.డి.ఎల్‌. కణములు మితిమీరినచో కొవ్వు రక్తనాళముల గోడలలో చేరును. దీనిని కాలువ అడుగున పేరుకొను పూడికతో పోల్చుట వాడుక. గట్టుతో పోల్చుట మేలు. గట్టు ఏండ్లతరబడి లోలోపల ఉబ్బుచుండును. నీరు పారుచునే యుండును. ఒకనాడు ఉబ్బినచోటు పగులును. అచ్చట నెత్తురు గడ్డకట్టి దారి మూసికొనును. నీరందని మడి యెండినట్లు గుండె కండరములో కొంతభాగము చచ్చును. ఇదియే గుండెపోటు. పొగాకు, రక్తపుపోటు, మధుమేహము ఈ గట్టును మరింత చెరుచును.

52 దేశములలో జరిపి 2004లో ప్రకటించిన యొక పరిశోధన, తొలి గుండెపోటు ముప్పులో సుమారు పదింట తొమ్మిదివంతులు తొమ్మిది కారణములవలననే యని తేల్చినది. వానిలో నెత్తురులోని కొవ్వుల వికృతియు, పొగత్రాగుటయు ముఖ్యములు. తొమ్మిదింటిలో పెక్కు మన చేతిలోనివే.

నూనె డబ్బాపై "కొలెస్టరాలు లేదు" అని యుండుట చూచి మురియరాదు. గింజల నూనెలలో అది లేదన్నంత స్వల్పమే. చూడవలసినది ఎల్‌.డి.ఎల్‌.ను పెంచెడి సంతృప్తపు కొవ్వు. అది పామాయిలులో సుమారు సగము. నేతిలో అంతకు మించి యుండును. వేరుసెనగ నూనెలో సుమారు అయిదింట నొకవంతు. ఏ నూనెయైనను మితముగా వాడవలెను.

ఉప్పు మనిషికి దినమునకు 5 గ్రాములకు మించరాదు. అనగా నలుగురున్న యింటికి నెలకు 600 గ్రాములు. ఊరగాయ, అప్పడములు, ఎండుచేపలలోని ఉప్పుకూడ ఈ లెక్కలోనిదే. తమ యింట నెలకెంత ఉప్పు ఖర్చగుచున్నదో సభ్యులు చూచుకొందురుగాక.

యంత్రములు వచ్చినపిదప మన నడక తగ్గినది. కంచములోని అన్నపురాశి తగ్గలేదు.

ఆచరింపదగినవి :

1. 30 ఏండ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపుపోటును, చక్కెరను చూపించుకొనవలెను. కొలెస్టరాలు పరీక్షను గూర్చి వైద్యు నడుగవలెను. రక్తపుపోటు 140/90 గాని అంతకు మించిగాని పలుమారులు కనబడినచో ఉపేక్షింపరాదు.

2. చుట్ట, బీడీ, ఖైనీ పూర్తిగా మానవలెను. తగ్గించుట చాలదు.

3. పొలముపని లేని దినములలో అరగంట వడివడిగా నడువవలెను.

4. వైద్యుడిచ్చిన మాత్రలను, లెక్క సరియైనదని తమంతట మానరాదు. మాత్రలవలననే లెక్క తగ్గినది. మానినచో మరల పెరుగును. ఒంటినొప్పులు మొదలగు బాధ కలిగినచో వైద్యునకే చెప్పవలెను.

5. రొమ్ముపై బరువు, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము - వీనిలో ఏది హఠాత్తుగా తోచినను, వాయువని సోడా త్రాగి తెల్లవారుదాక ఉండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆలస్యమైన ప్రతి నిమిషమునను గుండె కండరము చచ్చుచుండును. చచ్చిన కండరము మరల చిగురింపదు.