ఉప్పుగాలిలో వాల్వు యాంప్లిఫయరు: సొంత మరమ్మతు ఎక్కడిదాకా?

డెలానీపూర్‌లో ఒక వానాకాలపు శనివారం సాయంత్రం అనుకుందాం. మర్నాడు పాటల కార్యక్రమం ఉంది. గిటారు తగిలించి యాంప్లిఫయరు స్విచ్ వేస్తే, తీగ మీటకముందే స్పీకరులోంచి గుయ్‌మని ఒకటే మోత. విడిభాగం కావాలంటే చెన్నై నుంచో విశాఖపట్నం నుంచో రావాలి. ఏది చూసినా సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. వాల్వుల పని తెలిసిన మెకానిక్ దొరకడం పెద్ద నగరాల్లోనే కష్టంగా ఉంది. కాబట్టి స్క్రూడ్రైవరు తీసుకుని మనమే విప్పి చూద్దామనిపించడం సహజం. అయితే ఏ పని మనం చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి? కొంత భౌతికశాస్త్రం తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

డెలానీపూర్ పోర్ట్ బ్లెయిర్ నగరంలో ఒక ప్రాంతం. ఈ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఇక్కడి ఆకాశవాణి కేంద్రం ఉన్నది కూడా డెలానీపూర్‌లోనే. స్విచ్ వేశాక కాసేపు ఎర్రగా వేడెక్కి, ఆ తర్వాతే పాట వినిపించిన పాత వాల్వు రేడియోలు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ రేడియోలో ఉన్న సూత్రమే ఈ గిటారు యాంప్లిఫయరులోనూ పనిచేస్తుంది.

గాజుబుడ్డిలో ఏం జరుగుతుంది?

లోహాన్ని బాగా వేడిచేస్తే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఈ ధర్మం మీద చేసిన కృషికే ఓవెన్ రిచర్డ్‌సన్‌కు 1928 సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. వాల్వులో గాలి తీసేసిన గాజుబుడ్డి లోపల 6.3 వోల్టుల హీటరు కాథోడ్‌ను వేడిచేస్తుంది. ఎదురుగా ఉన్న ప్లేటుకు వందల వోల్టుల ధన విద్యుత్తు ఇస్తే ఎలక్ట్రాన్లు అటు పరుగెత్తుతాయి. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ రెంటి మధ్య గ్రిడ్ అనే మూడో భాగాన్ని చేర్చాడు. గ్రిడ్ వోల్టేజి కొద్దిగా మారినా ప్లేటు కరెంటు చాలా మారుతుంది. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం పెద్దదయ్యేది ఇలాగే.

మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులను రేడియోల్లోంచి పంపేశాయి. గిటారు వాయించేవాళ్లు మాత్రం వాటిని వదల్లేదు. గట్టిగా వాయించినప్పుడు వాల్వు శబ్దం ఒక్కసారిగా తెగిపోకుండా క్రమంగా గరుకెక్కడం వాళ్లకు నచ్చుతుంది.

ఉప్పు చెమ్మగిల్లితే

వానాకాలంలో జాడీలోని ఉప్పు చెమ్మగిల్లడం మన వంటింట్లో చూసేదే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ ఆ తేమను పీల్చి ఉప్పునీరుగా మారుతుంది. ఉప్పునీరు మంచి విద్యుత్ వాహకం. సముద్రపు గాలి మోసుకొచ్చే సన్నని ఉప్పు యాంప్లిఫయరులోని వాల్వు సాకెట్ల మీద కూడా పేరుకుంటుంది.

12ఏఎక్స్7 అనే సాధారణ వాల్వునే తీసుకుందాం. ఇందులో ప్లేటు కాలు, గ్రిడ్ కాలు పక్కపక్కనే ఉంటాయి. ప్లేటు మీద 200 వోల్టులు ఉన్నాయనుకుందాం. గ్రిడ్ నుంచి భూమికి 10 లక్షల ఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. రెండు కాళ్ల మధ్య చెమ్మ వల్ల 10 కోట్ల ఓమ్‌ల దారి ఏర్పడినా చాలు, గ్రిడ్ మీద దాదాపు 2 వోల్టులు చేరబోతాయి. ఈ వాల్వు సరిగా పనిచేయడానికి కాథోడ్, గ్రిడ్‌ల మధ్య ఉండాల్సిన తేడా మాత్రం ఒకటిన్నర వోల్టే! చిటపట శబ్దాలు, గరుకైన మోత, వచ్చిపోయే స్వరం వెనక చాలాసార్లు ఇంత చిన్న లీకేజీయే ఉంటుంది. రాగి మీద పట్టే ఆకుపచ్చ చిలుము కూడా సాకెట్లలో పట్టు సడలేలా చేస్తుంది.

విప్పకుండానే చేసే పరీక్షలు

మొదటి పరీక్ష చెవితోనే. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్. దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మార్చినప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్. గిటారు లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం 98 హెర్ట్జ్. మోత ఆ స్వరానికి దాదాపు సరిపోతే అనుమానం విద్యుత్ సరఫరాలోని ఫిల్టర్ కెపాసిటర్ల మీద. దానికి ఒక స్థాయి కింద వినిపిస్తే హీటరు వైరింగు, ఎర్తింగు, గిటారు కేబులు చూడాలి.

రెండోది కంటితో. వాల్వు లోపలి గాజు మీద వెండిలా మెరిసే పూత ఉంటుంది. మిగిలిన వాయువులను పీల్చుకోవడానికి వేసిన బేరియం అది. అది తెల్లబడిందంటే గాలి లోపలికి చొరబడి బేరియాన్ని ఆక్సైడుగా మార్చేసిందని అర్థం. ఆ వాల్వు ఇక పనికిరాదు.

మూడోది పెన్సిలుతో. యాంప్లిఫయరు పనిచేస్తుండగా ముందువైపు చిన్న వాల్వులను పెన్సిలుతో మెల్లగా తట్టాలి. ఏది తడితే స్పీకరులో గంట మోగినట్టు వినిపిస్తుందో అది మార్చదగినది. ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాక, ఒక్కో వాల్వునే తీసి అదే రకం మంచి వాల్వుతో మార్చి చూడాలి. స్పీకరు తగిలించకుండా మాత్రం ఎప్పుడూ స్విచ్ వేయకూడదు. అలా వేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్లగ్గు పీకినా పోని కరెంటు

పెట్టె విప్పే ముందు ఇది తెలిసి ఉండాలి. ఫిల్టర్ కెపాసిటర్లు విద్యుత్తును నిల్వ చేస్తాయి. 47 మైక్రోఫారడ్ల కెపాసిటరు 400 వోల్టుల దగ్గర దాదాపు 4 జౌళ్ల శక్తిని పట్టి ఉంచుతుంది. అరకిలో కన్నా కాస్త తక్కువ బరువును మీటరు ఎత్తు లేపడానికి సరిపడే శక్తి అది. వినడానికి స్వల్పమే. కానీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి, గుండె మీదుగా, రెప్పపాటులో విడుదలైతే ప్రాణం మీదికి రావచ్చు.

దీన్ని స్క్రూడ్రైవరు అడ్డుపెట్టి ఖాళీ చేయకూడదు. నిప్పురవ్వ లేచి భాగాలు పాడవుతాయి, కళ్లకూ ప్రమాదం. 10 వేల ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టరుకు తొడుగున్న క్లిప్పులు బిగించి, ఒక కొస చాసిస్‌కు, రెండోది కెపాసిటరు ధన కొసకు ఒక్క చేత్తోనే తగిలించాలి. రెండున్నర సెకన్లలోనే 99 శాతం వోల్టేజి పోతుంది. ఆపైన మల్టీమీటరుతో ప్రతి కెపాసిటరునూ కొలిచి చూడాలి. ఖాళీ అయిన కెపాసిటరులో కాసేపటికి కొంత వోల్టేజి మళ్లీ పుట్టుకొస్తుంది కనుక పని ముగిసేదాకా ఆ క్లిప్పులు తీయకూడదు.

ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధీమా పడటానికీ లేదు. యాంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరు లోపలి సర్క్యూటును ఇంటి లైనుతో నేరుగా కలవకుండా వేరుచేస్తుంది. అక్కడ మనకు షాకు కొట్టినా బయటి ఆర్‌సీసీబీకి తెలియదు.

మల్టీమీటరు చెప్పే సంగతి

ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ చేశాక సాకెట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేసి పూర్తిగా ఆరనివ్వొచ్చు. వదులైన టంకాలు మళ్లీ వేయొచ్చు. ఉబ్బిన లేదా కారిన కెపాసిటరును అంతే విలువ, అంతే లేదా అంతకు మించిన వోల్టేజి ఉన్నదానితో, ధన రుణ కొసలు చూసుకుని మార్చొచ్చు.

ఆ తర్వాత మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు పెట్టండి. యాంప్లిఫయరుకు వరుసలో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు ఉంటుంది. అంతా సరిగా ఉంటే బల్బు ఒకసారి వెలిగి మసకబారుతుంది. లోపల షార్టు ఉంటే ప్రకాశంగా వెలుగుతూనే ఉంటుంది. బల్బు కరెంటును అడ్డుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు బతుకుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు.

బల్బు మసకబారితే షార్టు లేదని అర్థం. ఇక నేరుగా కరెంటు ఇచ్చి వోల్టేజీలు కొలవొచ్చు. 12ఏఎక్స్7 కాథోడ్ దగ్గర 1,500 ఓమ్‌ల రెసిస్టరు మీద 1.5 వోల్టులు కనిపిస్తే, ఓమ్ సూత్రం ప్రకారం 1 మిల్లీఆంపియరు పారుతోందన్నమాట. అదే కరెంటు ప్లేటు వైపున్న లక్ష ఓమ్‌ల మీద 100 వోల్టులు తగ్గిస్తుంది. సరఫరా 300 అయితే ప్లేటు మీద 200 ఉండాలి. అలా కాక 300 ఉంటే ఆ వాల్వులో కరెంటు పారడం లేదు. సున్నా ఉంటే ప్లేటు రెసిస్టరు తెగి ఉండొచ్చు.

ఎక్కడ ఆగాలి?

ఇలా కరెంటుతో కొలిచే పని మాత్రం కొత్తవాళ్లు ఒంటరిగా చేయకూడదు. పక్కన స్విచ్ తీయగల మనిషి ఉండాలి. నేల, చేతులు పొడిగా ఉండాలి. మీటరు నల్ల తీగను ముందే చాసిస్‌కు బిగించి, ఒక చేయి జేబులో పెట్టుకోవాలి. ఫ్యూజు మార్చాక మళ్లీ పోయినా, పవర్ వాల్వు ప్లేటు ఎర్రగా కాలినా, ట్రాన్స్‌ఫార్మరు వాసన వచ్చినా ఆపేసి తెలిసినవాళ్లకు ఇవ్వాలి.

ఎర్తింగు విషయంలో అసలు రాజీ పడకూడదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీలో గిటారిస్టు లెస్లీ హార్వే వేదిక మీద సరైన ఎర్తింగు లేని మైకును తాకి, షాకుకు గురై చనిపోయాడు. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన పాత యాంప్లిఫయరు ఇంట్లో ఉంటే, మొదట చేయించాల్సింది మూడు పిన్నుల ప్లగ్గు, చాసిస్‌కు గట్టి ఎర్తు. స్వరం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

శనివారం సాయంత్రం వినిపించిన మోత 100 హెర్ట్జ్‌దని చెవి చెప్పిందనుకోండి. ఓడలో ఏ విడిభాగం తెప్పించాలో అప్పుడే తెలిసిపోయింది. ఆదివారం పాటకు మరో యాంప్లిఫయరు అరువు తెచ్చుకోవచ్చు. కెపాసిటరు చేతికందాక పని తీరిగ్గా, పగటి వెలుతురులో, పక్కన ఒక మనిషి ఉండగా చేసుకోవచ్చు.