కుంగుబాటుకు వేళ చూసి వైద్యం

ఇటలీలోని మిలాన్‌లో సాన్ రఫాయెలే ఆసుపత్రి ఉంది. అక్కడి మానసిక వైద్య విభాగంలో కొన్ని గదులు తూర్పు ముఖం, కొన్ని పడమర ముఖం. ఎవరికి ఏ గది ఇవ్వాలన్న లెక్కేమీ ఉండేది కాదు. ఫ్రాంచెస్కో బెనెడెట్టి అనే పరిశోధకుడి బృందం ఆ రోగుల రికార్డులు తిరగేసి, 2001లో ఫలితం ప్రచురించింది. బైపోలార్ జబ్బు (కుంగుబాటు, ఉద్రేకం మార్చి మార్చి రావడం) ఉండి, కుంగుబాటుతో చేరినవాళ్లలో తూర్పు గదుల వాళ్లు సగటున 3.67 రోజులు ముందే ఇంటికి వెళ్లారు. ఉద్రేక దశలు లేకుండా ఒట్టి కుంగుబాటే ఉన్నవాళ్లలో మాత్రం ఈ తేడా లేదు. తూర్పు గది మహిమ చెప్పేవాళ్లు ఈ రెండో మాట తరచూ వదిలేస్తారు.

తూర్పు గదుల్లోకి వచ్చే పొద్దుటి ఎండ ఏం చేస్తుంది? మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఉంటుంది. మన జీవగడియారానికి (సర్కేడియన్ వ్యవస్థ) ఇదే పెద్దదిక్కు. నిద్ర, ఒంటి వేడి, హార్మోన్లు దీని వేళల ప్రకారం నడుస్తాయి. ఎవరూ సరిచేయకపోతే చాలామందిలో ఇది ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. రోజూ సరిచేసేది వెలుతురే. పొద్దుటి వెలుతురు ఈ గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుతురు వెనక్కి లాగుతుంది. ఇంట్లో లైట్లన్నీ వేసినా వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలత) దాటడం అరుదు. మబ్బు పట్టిన పగలైనా ఆరుబయట వేలల్లో ఉంటుంది.

బెనెడెట్టి ఎక్కువగా పనిచేసిన రెండో సంగతి వింతగా ఉంటుంది. తీవ్రంగా కుంగిపోయిన మనిషిని రాత్రంతా మేలుకొని ఉంచితే, సగానికి పైగా రోగుల్లో మర్నాటికే దిగులు తగ్గుతుంది. మందు బిళ్లలకు వారాలు పడుతుంది, దీనికి ఒక్క రాత్రి చాలు. జర్మనీలోని టూబింగెన్ వైద్యులు 1970ల మొదట్లోనే దీన్ని నమోదు చేశారు. చిక్కల్లా ఆ తర్వాతే. మరుసటి రాత్రి కంటినిండా నిద్రపోతే చాలామందిలో దిగులు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

వచ్చిన మేలును నిలబెట్టడం ఎలా అన్నదే మిలాన్ బృందం ప్రశ్న. వారంలో మూడుసార్లు, మధ్యలో ఒక్కో రాత్రి నిద్ర ఇచ్చి, 36 గంటల చొప్పున మేలుకొని ఉంచారు. దానికి ప్రకాశవంతమైన వెలుతురు, లిథియం తోడు చేశారు. లిథియం ఎంపికకు కారణం ఉంది. ఆ మందు అడ్డుకునే ఒక ఎంజైమ్‌కు కణంలోని గడియారం నడకలోనూ పాత్ర ఉంది. ఇలా కలిపి ఇచ్చినప్పుడు మేలు ఎక్కువ మందిలో నిలిచింది.

ఇది ఇంట్లో చేసుకునే చిట్కా కాదు. బైపోలార్ రోగిలో నిద్ర లేకపోవడమే ఉద్రేకాన్ని రెచ్చగొట్టవచ్చు, అందుకే వైద్యుల కనుసన్నల్లోనే చేస్తారు. వెలుతురుకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. అమెరికాలో డొరొతీ సిట్ బృందం పొద్దుటి దీపం కింద కొందరు బైపోలార్ రోగుల్లో కుంగుబాటు, ఉద్రేకం కలగలిసి రావడం గమనించి, వేళను మధ్యాహ్నానికి మార్చింది. ఉద్రేకాన్ని అదుపులో ఉంచే మందులు ఆపకుండానే రోజూ మధ్యాహ్నం 7,000 లక్స్ దీపం ముందు కూర్చోబెట్టింది. 2018లో వచ్చిన ఫలితాల్లో ఆ రోగుల్లో 68 శాతం మంది కుంగుబాటు నుంచి తేరుకున్నారు. మసక ఎర్ర దీపం ముందు కూర్చున్నవాళ్లలో తేరుకున్నది 22 శాతమే.