ఆతిథ్యమిచ్చిన ఊరి లెక్క: బిస్సంకటకము నుదాహరణముగా సభానిర్వహణ విచారము

సభ జయప్రదముగా జరిగినదని మనము దేనిని జూచి చెప్పుచున్నాము? వేదిక యలంకారమును, ప్రతినిధుల సంఖ్యను, వక్తల కీర్తిని, భోజనముల రుచిని జూచి చెప్పుచున్నాము. ఆహ్వాన సంఘమువారి నివేదికలో ఈ నాలుగును, వీనితోడ జమాఖర్చుల పట్టికయు నుండును. కాని పందిరి విప్పి మనము రైలెక్కిన పిమ్మట ఆ యూరిలో మిగిలినదేమి? బావిలో నీరెంత తగ్గినది? వాగులో నేమి చేరినది? కూలివాని చేతికి పైకము ముట్టినదా? ఈ ప్రశ్నలకు మన నివేదికలలో తావు లేదు. సభయొక్క నిజమైన లెక్క వీనితోనే మొదలగునని చూపుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మహానగరములలో ఈ లెక్క కంటికి గానరాదు. నీరెక్కడినుండి వచ్చునో, చెత్త యెక్కడికి పోవునో అచట నెవరికిని పట్టదు. చిన్న యూరిలో నట్లు గాదు. అందుచేత ఒడిశాలోని రాయగడ జిల్లాలో, నియమగిరుల చెంతనున్న బిస్సంకటకమును ఉదాహరణముగా గైకొంటిని. ఈ ప్రాంతము 1936 ఏప్రిలు 1 వరకు మద్రాసు రాజధానిలో విశాఖపట్టణపు ఏజెన్సీలో నుండెను. ఆనాడు ఏర్పడిన కోరాపుట్ జిల్లాలో జేరెను. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా యైనపుడు అందులోనికి వచ్చెను. విజయనగరమునుండి రాయపురమునకు బోవు రైలుమార్గము ఈ యూరి మీదుగా బోవుచున్నది. ఇచటి కొండలలోని డొంగ్రియా కోందుల భాషయగు కువి మనకు పరాయిది గాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మున్నగు భాషావేత్తలు తెలుగును, గోండిని, కువిని ఒకే ద్రావిడ ఉపశాఖలో జేర్చియున్నారు. ఈ సీమ నీరు వంశధారా నాగావళులలో జేరి శ్రీకాకుళపు పొలములను దడిపి సముద్రమున గలియును. ఇచట మనము వాగులో విడిచినది దిగువనున్న మనవారి యొద్దకే వచ్చుననుట అతిశయోక్తి గాదు.

బాధ్యతతో సభ నడపుట క్రొత్త యూహ గాదు. 1901లో కలకత్తా కాంగ్రెసు సభకు బోయిన గాంధీ అచటి మరుగుదొడ్ల దుస్థితిని జూచి, స్వచ్ఛంద సేవకులు అది తమ పని గాదనగా తానే చీపురు పట్టెను. 1936 డిసెంబరులో ఖాందేశములోని ఫైజ్‌పూరునందు మొదటిసారి కాంగ్రెసు మహాసభ పల్లెలో జరిగినపుడు, నందలాల్ బోసు వెదురు మున్నగు స్థానిక వస్తువులతో ఆ సభానగరమును దీర్చెను. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 2012లో సభోత్సవముల నిర్వహణకు 20121 సంఖ్యగల ప్రమాణమును వెలువరించెను. దాని సారము సైతము ఇదియే: సభవలన నెవరికేమి కలుగునో ముందే యెంచి, పిదప కొలిచి చెప్పవలెను.

మొదటి ప్రశ్న, ఎవరిని, ఎచట, ఏ భాషలో కూర్చుకొనవలెనన్నది. దీనికి నియమగిరియే పాఠము చెప్పినది. 2013 ఏప్రిలు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ననుసరించి, కొండపై బాక్సైటు గనిని గూర్చి ఆ యేటి జూలై, ఆగస్టు నెలలలో 12 గ్రామములలో సభలు జరిగెను. అందు 7 రాయగడ జిల్లాలోనివి, 5 కలహండి జిల్లాలోనివి. ప్రజలను జిల్లా కేంద్రమునకు రప్పింపలేదు. న్యాయాధికారులే పరిశీలకులై వారి యూళ్లకు బోయిరి. జనులు తమ భాషలో తమ మాట చెప్పిరి. 12 సభలును గనిని నిరాకరించెను. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అనుమతిని ద్రోసిపుచ్చెను. ఆ సభలకు గొప్ప పందిళ్లు లేవు. ఐనను వానివలె ఫలించిన సభలు మన యెరుకలో కొన్నియే. కొండమీద నూరుకు మించి పల్లెలుండగా 12 మాత్రమే యేరుట యేమని ఆనాడే యాక్షేపణ వచ్చినది. పిలుపు నందని వారి లెక్కయు సభ లెక్కలోనిదే యని దీనివలన దెలియుచున్నది. మన సభలలో గిరిజనులను స్వాగత నృత్యమునకు మాత్రమే పిలుచుట పరిపాటి యైనది. వారిని దుబాసితోడ వేదికపై గూర్చుండబెట్టి మాట వినుట మర్యాద. నృత్యము వారి యిష్టము.

ఇక భోజనము. 500 మంది 2 దినములు కూడిరనుకొందము. దినమునకు మూడు పూటల చొప్పున 3,000 విస్తళ్లు కావలెను. మనిషికి దినమునకు నాలుగు నీళ్ల సీసాలిచ్చినచో 4,000 ఖాళీ సీసాలు మిగులును. కాచి చల్లార్చిన నీటిని కుండలలో బోసి, ఎవరి చెంబు వారు తెచ్చుకొమ్మని ఆహ్వాన పత్రికలోనే వ్రాసినచో ఈ 4,000 సున్న యగును. విస్తళ్లకు ఈ యడవులలో అడ్డాకు కలదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఇట్టి చిన్నతరహా అటవీ ఫలసాయముపై గిరిజనులకు యాజమాన్యపు హక్కు నిచ్చినది గావున, ఆ సొమ్ము కుట్టిన స్త్రీల చేతికే చేరవలెను. ఇందు రెండు జాగ్రత్తలు కలవు. ఆకు వెనుక ప్లాస్టిక్ పూత కాగితము నంటించిన విస్తళ్లు మట్టిలో గలియవు, వానిని గొనరాదు. వారము ముందు 3,000 అడిగినచో తీగలు నరికి తెత్తురు. రెండు నెలలు ముందు, నాలుగైదు పల్లెలకు బంచి చెప్పినచో ఆకు మాత్రమే కోయుదురు.

“స్థానికముగా కొనుడు” అను సూత్రమును సైతము కన్ను మూసికొని పాటింపరాదు. చాటికోన బుధవారపు సంతకు డొంగ్రియాలు అనాస, పసుపు, అరటి మున్నగునవి దెచ్చి యమ్ముదురు. మన వంటవారు తెల్లవారుజామున బోయి కూరలన్నియు నూడ్చికొనివచ్చినచో, ఆ వారము ఊరివారు హెచ్చు వెల బెట్టి కొనవలెను. కాబట్టి ఊరివారి నిత్యావసరమును బయటినుండి దెచ్చుకొని, ఊరిలో మిగులు పంటను తగిన ధరకు గొనుట న్యాయము. ఒడిశా ప్రభుత్వము 2017లో రాయగడ మున్నగు జిల్లాలలో చిరుధాన్యముల పథకమును బ్రారంభించినది. ఒక పూట చోళ్ల యంబలియు, సామల యన్నమును వడ్డించుట యిచట కృత్రిమ మనిపింపదు.

చట్టము చెప్పినది కనీసమని యెంచవలెను. నూరుమందికి మించిన సభను ముందుగా స్థానిక సంస్థకు దెలిపి, చెత్తను వేరుచేసి యప్పగింపవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నియమములు విధించినవి. 2022 జూలై 1 నుండి ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గరిటెలు, లోటాలు దేశమందు నిషిద్ధములు. 2000 నాటి ధ్వని నియమములు రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకర్లను సామాన్యముగా నిషేధించి, వైద్యశాలల చుట్టు 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా నుండవలెనన్నవి. ఈ యూరిలో 1954 నుండి కొండవారికి చికిత్స చేయుచున్న క్రైస్తవ వైద్యశాల కలదు. స్థలము నేరుకొనునపుడే దీనిని దలపవలెను.

ఇన్నిటికిని వ్యయ మధికము గాదా యని కోశాధికారి యడుగును. కొన్నిటికి అధికమే: కుట్టిన విస్తరికి, సకాలమున నిచ్చు కూలికి హెచ్చు పైకము కావలెను. సీసాలు, శాలువలు, పూలదండలు, గుడ్డ తోరణములు మానినచో మిగులునదియు స్వల్పము గాదు. అన్నిటికంటె పెద్దభారము ప్రయాణము. ప్రతినిధులు వేర్వేరు కార్లలో గాక రైలులో వచ్చునట్లు సభావేళలను రైలువేళల కనుగుణముగా నిర్ణయించినచో పైకము, పొగ రెండును దగ్గును.

మనవారు స్వదేశమునను విదేశములలోను సభలు జరుపుచునే యుందురు, జరుపవలెను గూడ. ప్రతి నివేదిక చివర నొక్క పుట ఆతిథ్యమిచ్చిన ఊరికై కేటాయింపుడని నా మనవి. వాడిన నీరు, మిగిలిన చెత్త, ఊరిలో నిచ్చిన పైకము, పిలువక విడిచినవారు అను నాలుగు పద్దులు చాలును. సభ ముగిసిన నెలకు ఇద్దరు సభ్యులు మరల ఆ యూరికి బోయి, ఊరివారి యెదుట ఆ పుటను జదివి సరిచూచుకొనవలెను. మరుసటి యేడు ఆ యూరివారు మనలను దాముగా పిలిచినపుడే మన సభ జయప్రదమైనదని వ్రాసికొందము.