పాత జీపు ఓడ ఎక్కాలంటే

మా కమలాపురం చుట్టుపక్కల పల్లెలలో వేపచెట్టు కిందనో గడ్డివామి పక్కనో పాత జీపు గాని అంబాసిడరు గాని టైర్లు దిగిపోయి నిలిచియున్న ఇండ్లు ఇంకా ఉన్నాయి. ఆ బండి కొన్న పెద్దాయన కన్నుమూసి ఏండ్లు గడచినా, దానిని పాత ఇనుముకు వేయడానికి ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పదు. ఇప్పుడు ఆ బండ్ల ఫొటోలు సెల్‌ఫోనులలో దేశాలు తిరుగుతున్నవి. "అయ్యగారూ, మా నాయన జీపును లండను ఆయన అడుగుతాండాడు, పంపించవచ్చునా?" అని మన సంఘపు కుటుంబాలవారు మమ్ములను అడిగిన సందర్భాలున్నవి. కువైటుకు మనుషులను పంపడం మన జిల్లాకు అలవాటే గాని, బండిని ఓడ ఎక్కించడం కొత్త సంగతి. కనుక కొంచెము వివరముగా వ్రాస్తున్నాము.

మొట్టమొదట చూడవలసినది ధర కాదు, బండి పుట్టిన సంవత్సరము. 1950 జనవరి 1కి ముందు తయారైన మోటారు కార్లను మన దేశపు ఎగుమతి నియమాలు నిర్బంధిత వస్తువుల జాబితాలో ఉంచినవి. ప్రభుత్వ లైసెన్సు లేనిదే అవి దేశం దాటరాదు. మోటారు సైకిళ్లకైతే ఆ గడువు 1940. ఇక నూరేండ్లు నిండిన వస్తువుకు చారిత్రక విలువ ఉంటే, 1972 నాటి పురావస్తు చట్టం దానిని పురావస్తువుగా ఎంచుతుంది. అటువంటి దానిని సొంతదారుడు విదేశానికి పంపితే ఆరు నెలల నుండి మూడేండ్ల దాకా జైలు శిక్ష పడవచ్చును.

ఇంత కట్టడి ఎందుకని అడిగేవారున్నారు. రాజులు, నవాబులు ఒకప్పుడు విలాసానికి తెప్పించిన కార్లు ఈ దేశంలో చాలా ఉండేవి. 1971లో రాజభరణాలు రద్దయినవి. రాబడి తగ్గిన కోటలలో కార్లకు పెట్రోలు పోసేదెవరు, మరమ్మతు చేయించేదెవరు? కొనడానికి విదేశీయులు సిద్ధంగా ఉన్నారు. అట్లా వెళ్లిపోయినవి వెళ్లిపోగా మిగిలినవాటినైనా నిలుపుకోవాలని ఈ ఆంక్షలు.

కలకత్తా హంస కారు సంగతి చూడండి. 1910లో ఇంగ్లండులో బ్రూక్ కంపెనీవారు కలకత్తాలో కాపురమున్న మాథ్యూసన్ అనే దొర కోసం హంస ఆకారంలో ఒక కారు కట్టి ఇచ్చారు. దాని ముక్కులో నుండి ఆవిరి చిమ్ముతుంటే జనం బెదిరి పరుగులు తీసేవారట. తరువాత అది నాభా మహారాజావారి చేతికి వచ్చింది. ఇప్పుడు హాలండులో హేగ్ నగరపు లౌమన్ మ్యూజియంలో ఉన్నది. మన పిల్లలు దానిని చూడాలంటే విమానం ఎక్కాలి. మరొకవైపు, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకొన్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. అది చేరకమునుపే, 1911లో, ఆయన మరణించాడు. ఆ పసుపుపచ్చ కారు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉండిపోయింది. కమలాపురంలో రైలెక్కి వెళ్లినవాడు కూడా టికెట్టు కొని చూడవచ్చును. ఈ రెండవదే మాకు నచ్చిన సంగతి.

ఇక మన జీపులకు వద్దాము. 1941 నుండి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధం కోసం ఆరు లక్షలకు పైగా జీపులు చేసినవి. 1947 నుండి మహీంద్రావారు బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. మాది యుద్ధం జీపు అని గొప్పగా చెప్పుకునే ఇండ్లలో సాధారణంగా కనబడేది తరువాతి కాలపు మహీంద్రాయే. ఇందులో చిన్నతనమేమీ లేదు. పైగా ఎగుమతికి అదే మేలు, అంబాసిడరుకూ అంతే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాపై 1950ల చివరి నుండి 2014 వరకు బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన కారు గనుక దానికి 1950 అడ్డు లేదు. విదేశీయుడు ఎక్కువ ధర పెట్టే బండే తరచుగా చట్టం కదలనివ్వని బండి, చిక్కంతా అక్కడే. కాబట్టి నోటిమాట నమ్మక ఆర్.సి.లోని తయారీ సంవత్సరాన్ని చాసిస్ నంబరుతో పోల్చి చూడాలి.

ఇక్కడే దళారి ఒక ఉపాయం చెబుతాడు. "విప్పేసి ముక్కలుగా పంపుదాం, పాత ఇనుమని వ్రాద్దాం" అంటాడు. కారుకు మాత్రమే కాదు, ఆ కాలపు కార్ల విడిభాగాలకు కూడా అదే నియమం ఉన్నది. కస్టమ్స్ కాగితంలో అబద్ధం వ్రాస్తే 1962 నాటి చట్టం కింద సరుకు జప్తు అవుతుంది, జరిమానా పడుతుంది. కింద సంతకం దళారిది కాదు, మీది.

రెండవ ప్రశ్న, ఆ బండి ఎవరిది? ఆర్.సి. ఇంకా తండ్రి పేరనే ఉంటే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో వారసుల పేరికి మార్పించాలి. మన క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేనప్పుడు ఆస్తిలో మూడవ వంతు విధవరాలికి, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానంగా చెందుతవి. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో కాపురం చేసుకుంటున్న అక్కకు ఒక మాట చెప్పకుండా తమ్ముడు జీపు అమ్మేస్తే ఆమెకు నొప్పి డబ్బు గురించి మాత్రమే కాదు. ఆ జీపు వెనుక సీటులోనే ఆమె బడికి పోయియుండవచ్చు.

అందరూ ఒప్పుకొన్న తరువాతనే కాగితాల పని. వ్యాపారంగా విదేశానికి అమ్మేవారికి విదేశీ వాణిజ్య శాఖ ఇచ్చే ఎగుమతి కోడు కావాలి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు నుండి బాకీ లేదన్న పత్రం తేవాలి. బండి దేశం దాటినట్లు ఆర్.టి.ఓ.కు తెలిపి రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలి. లేకపోతే నంబరు మీ పేరనే మిగిలిపోతుంది.

అవతలి దేశపు నియమాలు కొనేవాడే చూసుకుంటాడని వదిలేయరాదు. అమెరికావారు ఇరవై అయిదేండ్లు దాటిన కారును తమ భద్రతా ప్రమాణాలు అడగకుండా రానిస్తారు. ఆస్ట్రేలియావారు మాత్రం గట్టివారు. పాత బ్రేకు లైనింగులలో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటే ఒప్పుకోరు. చక్రాల సందులలో మన నల్లరేగడి మన్ను, గడ్డి గింజ కనబడినా ఆపివేస్తారు. మడ్‌గార్డుల లోపలి భాగం కూడా గీకి కడిగి పంపవలసిందే.

మనకు దగ్గరి పెద్ద రేవు చెన్నై. ఇరవై అడుగుల కంటెయినరులో, పద్నాలుగు అడుగుల పైచిలుకు పొడవున్న అంబాసిడరు సులువుగా పడుతుంది. పెట్రోలు దాదాపు ఖాళీ చేస్తారు, బ్యాటరీ తీగలు విప్పుతారు, చక్రాలకు కొయ్య చెక్కలు అడ్డంపెట్టి పట్టీలతో బిగిస్తారు. ఆ కొయ్య కూడా వేడిలో శుద్ధిచేసి ముద్ర వేసినదై యుండాలి, పురుగు దేశం మారకుండా. సముద్రపు బీమా ముందే చేయించాలి. ఫొటోలు అన్ని వైపుల నుండి తీసి దాచుకోవాలి.

డబ్బు విషయంలో ఒకటే మాట చెబుతాము. అమ్మేవానికి డబ్బు రావాలి గాని పోరాదు. "ధరకన్నా ఎక్కువ పంపాము, మిగతాది మా షిప్పింగు ఏజెంటుకు కట్టండి" అని ఎవరైనా వ్రాస్తే అది మోసము. అటువంటప్పుడు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. నిజమైన కొనుగోలుదారుడు బ్యాంకు ద్వారా లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవడానికి వెనుకాడడు. ఓడ కంపెనీవారు సరుకు ఎక్కించుకొని బిల్ ఆఫ్ లేడింగ్ ఇస్తారు. మామూలుగా మూడు అసలు ప్రతులు ఉంటవి. అవతలి రేవులో ఆ అసలు కాగితం చూపినవానికే బండి అప్పగిస్తారు. డబ్బు మీ ఖాతాలో పడేవరకు ఆ మూడు ప్రతులు మీ చేతిలోనో మీ బ్యాంకు చేతిలోనో ఉండాలి. ఫొటో తీసి పంపమంటే పంపండి, అసలును మాత్రం పంపవద్దు.