పండ్లరసం వైనూ... మన తరవాణి కుండా!

వైన్ అన్న మాట చూసి పేజీ తిప్పేయకండి సుమా! ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. అలాగని తాగేవాళ్ళను తిట్టే వ్యాసమూ కాదు. ఈ రోజుల్లో మన పిల్లలో, అక్కచెల్లెళ్ళో విదేశాల్లో లేని ఇల్లు తక్కువ కదా! అక్కడికి వెళ్ళినప్పుడు వాళ్ళ వంటింట్లో ఇలాంటి సీసా ఒకటి కనిపిస్తే నాలాగ కంగారు పడకుండా, అదేమిటో తెలుసుకుని నాలుగు మంచిమాటలు చెప్పగలగాలని రాస్తున్నాను.

2019 వేసవిలో మా చెల్లెలి రెండో పురుటికి అమెరికా వెళ్ళాను. అమ్మ లేదు కనక ఆ బాధ్యత నాదే. టెక్సస్ రాష్ట్రంలో డల్లాస్ పక్కనే ఇర్వింగ్ అనే ఊరు. చుట్టూ తెలుగువాళ్ళే. వెళ్ళిన మూడోనాడు పోపుల డబ్బా కోసం అలమార తెరిస్తే ఒక పెద్ద గాజు సీసా, దాని మూతికి వంకర గొట్టం, లోపల ఊదారంగు రసం కనిపించాయి.

"ఇదేటే?" అన్నాను.

"మీ మరిది వైన్ పెడుతున్నారక్కా. సూపర్ మార్కెట్‌లో కొన్న ద్రాక్షరసమే" అంది తేలిగ్గా.

నా గుండె జారిపోయింది. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. సారా మా పెద్దనాన్న ఇంటిని ఏం చేసిందో మా అక్కచెల్లెళ్ళిద్దరికీ తెలుసు. రెండెకరాల మెట్ట పోయింది, పాడిగేదె పోయింది, ఆఖరికి పెద్దమ్మ మెళ్ళో పుస్తెలు కూడా పోయాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదకి వెళ్ళారన్న వార్త పేపర్లో చదివి పెద్దమ్మకి వినిపించింది నేనే. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆపారు. 1995 జనవరి 16 నుంచి మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. పెద్దనాన్న మాత్రం ఇవేవీ చూడకుండానే పోయాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల "వైన్ పెడుతున్నారు" అని నవ్వుతూ చెబితే నాకెలా ఉంటుంది చెప్పండి?

ఆ రాత్రి మరిదిని అడిగేశాను. అతను కోప్పడలేదు. "వదినగారూ, ఇది సారాలా కాచేది కాదండీ. ఉట్టినే పులియబెట్టేది. ఇక్కడి చట్టం కూడా ఒప్పుకుంటుంది" అని అంతా విడమరిచి చెప్పాడు. విన్నకొద్దీ నాకు మా అమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది.

పులియడం అంటే?

తాటికల్లు సంగతి మన జిల్లాల్లో తెలియనిదెవరికి? తెల్లారుజామున దింపినప్పుడు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగ కట్టి, ఘాటెక్కి, పులిసిపోతుంది. గాలిలోనూ, చెట్టుమీదా, కుండలోనూ ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవి అందులోని తీపిని తినేస్తుంది. తిని రెండు వస్తువులు వదులుతుంది. ఒకటి ఆల్కహాలు, రెండోది గోలీసోడాలో ఉండే గ్యాసు. పండ్లరసం వైన్ అయ్యేదీ ఇలాగే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల తీపి ఖర్చయితే ఒక శాతం ఆల్కహాలు పుడుతుంది.

సారా వేరు. పులిసిన దాన్ని కాచి, ఆవిరి పట్టి, ఘాటు పెంచితే అది సారా. ఇంట్లో అలా కాచడానికి 2019లో అమెరికాలో కూడా చట్టం ఒప్పుకునేది కాదు.

మొదటి సీసా ఎందుకు పులియలేదు?

నేను చూసిన ఆ ఊదారంగు సీసా నాలుగు రోజులైనా ఒక్క బుడగ వెయ్యలేదు. మరిది ఈస్టు పాతదేమోనన్నాడు. నేను రసం డబ్బా తిప్పి చదివాను. పొటాషియం సోర్బేట్ అని ఉంది. నిలవ పచ్చళ్ళు పెట్టే మనకి ప్రిజర్వేటివ్ అంటే తెలుసు కదా! రసం పులిసిపోకుండా కలిపే మందు అది. పులియకుండా మందు వేసిన రసాన్ని పులియమంటే ఎలా పులుస్తుంది? మన దగ్గర అమ్మే డబ్బాల మీద ఇదే 202 అన్న నంబరుతో, సోడియం బెంజోయేట్ అయితే 211 అన్న నంబరుతో ఉంటుంది. విటమిన్ సి కలిపినా, వేడిచేసి శుద్ధి చేసినా ఇబ్బంది లేదు.

వైన్ మాట ఎలా ఉన్నా, డబ్బా వెనక చదివే అలవాటు మనందరికీ మంచిది. 'ఫ్రూట్ డ్రింక్' అని ఉంటే అందులో పండు తక్కువ, నీళ్ళూ పంచదారా ఎక్కువ. పిల్లలకి కొనేముందు చూసుకోండి.

రెండోసారి ఎలా పెట్టాడంటే...

ఈసారి ఏ మందూ కలపని ఆపిల్ రసం తెచ్చాడు. ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు. సీసా, గరాటు, గొట్టం అన్నీ శుభ్రంగా కడిగి, సూక్ష్మజీవులు చచ్చే ద్రావకంలో ముంచి తీశాడు. నురగకి చోటుండాలని రెండు కప్పుల రసం తీసేసి, ఒక కప్పు (200 గ్రాములు) పంచదార కరిగించాడు. వైన్ కోసం విడిగా అమ్మే ఈస్టు పొట్లం 5 గ్రాములది వేశాడు. రొట్టెల ఈస్టు వేసినా పులుస్తుందిట గాని రొట్టె వాసన వస్తుందిట.

సీసా మూతికి వంకర గొట్టం పెట్టి అందులో కాసిన్ని నీళ్ళు పోశాడు. లోపలి గ్యాసు నీళ్ళలోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. గాలి తగిలితే వైన్ కాస్తా వెనిగర్ అయి కూర్చుంటుంది.

తీపి ఎంత తగ్గిందో చూడ్డానికి ఒక గాజు పుల్ల ఉంది. మన పాలకేంద్రంలో పాలలో ముంచి చూసే లాక్టోమీటర్ లాంటిదే. మొదటిరోజు 1.060 దాటి చూపించింది. తీపి పూర్తిగా అయిపోతే నీటి అంకె 1.000 కంటే కిందకి దిగుతుందన్నాడు. మర్నాటికే గొట్టం బుడబుడమంది. వారం రోజులు జోరుగా, తర్వాత నెమ్మదిగా, నాలుగో వారానికి ఆగిపోయింది. అడుగున తేరుకున్న మడ్డి కదలకుండా పైతేట వేరే సీసాలోకి వంపి, మరో రెండు నెలలు ఉంచాలన్నాడు.

మూత బిగిస్తే ముప్పే!

ఈలోగా పాప పుట్టింది. ఇంట్లో అందరం ఆ హడావుడిలో ఉండగా ఒక పొరపాటు జరిగింది. ఈస్టు వేసిన రసం కొంచెం ఎక్కువైతే మరిది దాన్ని ప్లాస్టిక్ సీసాలో పోసి, మామూలుగా మూత బిగించి, వంటగట్టు మీద పెట్టాడు. రెండోరోజు పొద్దున్న పాలు కాయడానికి వెళ్ళేసరికి ఆ సీసా రాయిలా బిగుసుకుపోయి, అడుగు ఉబ్బి, నిలబడలేక పక్కకి ఒరిగి ఉంది. సింకులో పెట్టి మూత కాస్త వదులు చేశానో లేదో, బుస్సుమని నురగ పైకప్పు దాకా కొట్టింది. ప్లాస్టిక్ కనక సరిపోయింది. గాజుదైతే? పక్కగదిలోనే పది రోజుల పసిగుడ్డు!

"బాబూ, పులిసేదాన్ని ఎవరైనా బిగిస్తారేటి? మా అమ్మ కుండకి గుడ్డే కట్టేది గాని మూత బిగించేది కాదు" అన్నాను. అతను తల దించుకున్నాడు. అదే అదనుగా నేను మూడు మాటలు చెప్పాను. సీసా వంటింట్లో వద్దు, తాళం వేసే చోట పెట్టు. పాలిచ్చే తల్లికి రుచి చూడమని కూడా ఇవ్వకు. పుచ్చుకున్న రోజు పిల్లనెత్తుకోకు, కారు తీయకు. మూడింటికీ సరేనన్నాడు.

సంక్రాంతికి ఫోన్లో మాట్లాడినప్పుడు, చేసిన ఐదు సీసాల్లో రెండు ఇంకా అలాగే ఉన్నాయని చెల్లెలు చెప్పింది. సారా దుకాణం ముందు కూర్చునే పెద్దనాన్న ఏ రోజైనా ఏదైనా మిగిల్చాడా అనుకున్నాను. అలాగని నా భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "సీసాలు ఎన్ని ఉన్నాయే?" అని అడుగుతూనే ఉంటాను.

మన దగ్గర చేయొచ్చా?

కూడదు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ఒక పెద్దమనిషి ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200 గ్యాలన్ల దాకా సొంతానికి వైన్ చేసుకోవచ్చు. అమ్మకూడదు. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేస్తే నేరమే. "మా ఇంట్లో మేమే తాగుతాం" అన్నా చెల్లదు. కాబట్టి పై సంగతులు తెలుసుకోవడానికే గాని ఇక్కడ చేసి చూడ్డానికి కాదు.

ఆయుర్వేద దుకాణంలో దొరికే ద్రాక్షారిష్టం కూడా ఎండుద్రాక్ష, బెల్లం, ధాతకీ పువ్వులతో పులియబెట్టేదే. అందులోనూ ఆల్కహాలు సహజంగా పుడుతుంది. సీసా మీద చీటీ చదవండి. వైద్యుడు చెప్పిన మోతాదు దాటకండి.

మరి మన కుండో?

పులియబెట్టే సరదా తీరాలంటే మనకి తరవాణి ఉంది. ఇందులో పనిచేసేది ముఖ్యంగా పెరుగు తోడుకునేలా చేసే జాతి సూక్ష్మజీవులు. అవి పుల్లదనాన్ని ఇస్తాయి. మత్తు కోసం చేసేది కాదిది. మా అమ్మ కుండ వంటింటి మూల చుట్టకుదురు మీద ఉండేది. చెయ్యి కడక్కుండా ఎవరు ముట్టుకున్నా వీపు చిట్లేది! మరిది ద్రావకంతో చేసిన పనే మా అమ్మ మడితో చేసేది. ఇళ్ళలోకి కుక్కరు వచ్చింది, గంజి వార్చడం పోయింది, గంజితోపాటే కుండా పోయింది.

కావలసినవి: నాలుగైదు లీటర్ల కొత్త మట్టికుండ, గంజి ఒక లీటరు, కాచి చల్లార్చిన నీళ్ళు రెండు లీటర్లు, గుప్పెడు అన్నం, ఉప్పు రెండు చెంచాలు, నిమ్మ లేక దబ్బ ఆకులు నాలుగైదు.

తయారుచేసే విధానం: కుండ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఎండలో ఆరబెట్టండి. గంజి గోరువెచ్చగా చల్లారాక కుండలో పోసి నీళ్ళు, అన్నం, ఉప్పు, ఆకులు వేయండి. ఎవరింట్లోనైనా తరవాణి ఉంటే ఒక గ్లాసుడు తెచ్చి కలపండి, త్వరగా పులుస్తుంది. పల్చటి గుడ్డ కట్టి నీడన ఉంచండి. రోజూ రెండుసార్లు పొడి చెక్కగరిటెతో కలపండి. వేసవిలో మూడోనాటికి కమ్మటి పులుపు వస్తుంది. రోజూ ఎంత తీశారో అంత గంజి, చల్లారాక, పొయ్యండి. వారానికోసారి ఒక గ్లాసు విడిగా తీసి ఉంచి, కుండ కడిగి ఎండబెట్టి, మళ్ళీ మొదలుపెట్టండి.

కరివేపాకు, జీలకర్ర తాలింపు పెట్టి తాగొచ్చు. అన్నంలో పోసుకుని ఉల్లిపాయ, ఆవకాయ నంజుకుంటే ఎండాకాలం ఇంకేమీ అక్కర్లేదు. నల్లగా, పచ్చగా బూజు పట్టినా, జిగురు సాగినా, చెడు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబొయ్యండి. రక్తపోటు ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించండి. గర్భిణులు, రోగులు డాక్టరును అడిగి తీసుకోవాలి. పసిపిల్లలకి వద్దు.

అమెరికా నుంచి వచ్చిన మర్నాడే విజయనగరం సంతలో కుండ కొన్నాను. వారానికి రెండు రోజులు కుక్కరు పక్కన పెట్టి గంజి వారుస్తున్నాను. మొన్న వేసవిలో చెల్లెలు కుటుంబంతో వచ్చింది. మరిది రెండు గ్లాసులు తాగి, "వదినగారూ, దీనికి గొట్టం అక్కర్లేదాండీ?" అన్నాడు. గుడ్డ కట్టి ఇచ్చిన చిన్న కుండొకటి పట్టుకెళ్ళారు. మీ ఇంట్లోనూ అమ్మమ్మ కుండ అటకమీద ఉందేమో, ఒకసారి దింపి చూడండి!