పికప్ బండి: నమ్మకము, గట్టిదనము

పికప్ బండి కొనదలచిన రైతు మొదట ఇరుగుపొరుగు వారిని అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ బండి గట్టిది?" అట్లు అడుగుట మంచిదే. కంపెనీవారి కరపత్రము కంటె, అయిదేండ్లుగా మీ దారిలోనే బండి తోలుచున్నవాని మాట విలువైనది. అయితే ఆ మాటను ఎట్లు వినవలెనో, ఎంతవరకు నమ్మవలెనో కూడ తెలిసియుండవలెను. టమాటా కోసి, పెట్టెలకెత్తి, తెల్లవారుజామున మార్కెట్టుకు బయలుదేరిన బండి నడిదారిలో నిలిచిపోయినచో ఆ నష్టము మెకానిక్కు కూలితో తీరదు. వేలము దాటిపోవును, కాయ మెత్తబడును. ఒక్కొక్కప్పుడు నష్టము ప్రాణముల వరకు పోవును.

బండి వాడినవారు "గట్టిది" అను ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిపి చెప్పుచుందురు. ప్రతి ఉదయము తాళము త్రిప్పగానే కదలి, పని ముగియు వరకు ఆగకుండుట ఒకటి. దీనిని నమ్మకము అందము. గుంతలు, బురద, బరువు, దెబ్బలు ఓర్చుకొనుట మరొకటి. ఇది గట్టిదనము. ఎద్దులలో ఈ తేడా మీరెరిగినదే. ఒక ఎద్దు బురదలో దిగబడిన బండిని ఒక్క ఊపున లాగును గాని నెలకొకసారి మేత మానును. ఇంకొకటి అంత బలము చూపదు గాని ఏడాది పొడుగునా కాడి క్రిందికి వచ్చును. బండిని గూర్చి అడుగునప్పుడు ఈ రెండింటిలో మీకేది కావలెనో ముందుగా తేల్చుకొనవలెను. పాలు, పూలు, కూరగాయలు మోయువానికి నమ్మకము ముఖ్యము. ఇటుక, కంకర మోయువానికి గట్టిదనము ముఖ్యము.

2003లో బ్రిటను దేశపు బి.బి.సి. టెలివిజను వారు ఒక పాత టొయోటా హైలక్స్ డీజిలు పికప్‌ను తీసికొని, సముద్రపు పోటులో ముంచిరి, ఇనుప గుండుతో కొట్టిరి, నిప్పు పెట్టిరి, చివరకు ఎత్తయిన భవనముపై నిలిపి ఆ భవనమును కూల్చివేసిరి. విడిభాగములు మార్చకుండ, చేతి పనిముట్లతో సరిచేసి మరల ఇంజనును నడిపించిరి. లోకమంతటను ఈ సంగతి ప్రచారమైనది. ఇది గట్టిదనమునకు సాక్ష్యమే. అయితే మీరు దినమునకు 60 కిలోమీటర్ల చొప్పున పదేండ్లు తిరుగవలసిన బండికి ఇది సాక్ష్యము కాదు. ఆ కంపెనీ బండ్లనే అమెరికాలో చూడుడు. అక్కడ చలి ప్రాంతములలో మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. టకోమా, టండ్రా మొదలైన బండ్ల ఛాసీలు తుప్పుపట్టి తినివేయబడినవని యజమానులు వ్యాజ్యము వేయగా, 2016లో కంపెనీ రాజీకి వచ్చి, సుమారు 15 లక్షల బండ్ల ఛాసీలను పరీక్షించి, చెడినవానిని మార్చుటకు ఒప్పుకొనినది. దాని విలువ 340 కోట్ల డాలర్ల వరకు ఉండునని అంచనా వేసిరి. ఇంజను చెక్కుచెదరక యుండగా ఛాసీ కుళ్ళిపోయిన బండ్లు అవి.

మన దేశములో రోడ్లపై ఉప్పు చల్లరు గదా అని మీరనవచ్చును. నిజమే. కాని కోస్తా జిల్లాలలో రొయ్యలు, చేపలు మోయు బండ్ల తొట్టి నుండి మంచుగడ్డల నీరు, ఉప్పునీరు రాత్రింబవళ్ళు ఛాసీపైకి కారుచునే యుండును. మెట్ట ప్రాంతములలో యూరియా, డి.ఎ.పి. బస్తాలు చిట్లి, ఆ పలుకులు తొట్టి మూలలలోను, రబ్బరు పరుపు క్రిందను నిలిచి, చెమ్మ తగిలిన వెంటనే ఇనుమును తినును. బండి పైభాగము మిలమిల మెరయునట్లు తుడుచువారు గలరు. క్రిందిభాగమును మంచినీటితో కడుగువారు బహుతక్కువ. ఎరువు గాని, చేపలు గాని మోసిన నాడే తొట్టిని ఊడ్చి, అడుగు నుండి కడిగి, నీరు పోవు రంధ్రములు పూడుకొనకుండ చూడవలెను. రంగు లేచిన చోట గీకి, తుప్పు పట్టని రంగు వేయవలెను. ఇందులకు అరగంట చాలును.

పాత బండ్లను గూర్చి ఒక మాట. "ఆ రోజుల బండ్లే బండ్లు, మా తాతగారి జీపు ఇప్పటికిని తిరుగుచున్నది" అని అనుట మీరు విననిది కాదు. ఆ ఒక్క జీపు మన కంటికి కనబడుచున్నది. దానితోపాటు కొని, ఎప్పుడో తుక్కు క్రింద అమ్మివేసినవి మన కంటికి కనబడవు. అట్లే, బండితో విసిగి అమ్ముకొనినవాడు టీ కొట్టు దగ్గర దానిని గూర్చి మాట్లాడడు, తృప్తిపడినవాడు మాట్లాడును. కావున సంతోషముగా ఉన్నవానిని మాత్రమే గాక, అమ్ముకొనినవానిని కూడ వెదకి "ఎందుకు అమ్మితివి?" అని అడుగవలెను. "లక్ష కిలోమీటర్లు తిరిగినది, చేయి పెట్టలేదు" అను వానిని ఎంత బరువుతో తిరిగినది, తారు రోడ్డా, చేను గట్టా, క్లచ్చి ప్లేటు ఎన్నిసార్లు మార్చితివి, కమానుకట్టలు ఎన్ని విరిగినవి అని అడుగుడు. ఖర్చు వ్రాసికొను పుస్తకము ఉన్నవాని మాటను మిగిలిన పదిమంది మాటలకంటె ఎక్కువగా నమ్ముడు. జ్ఞాపకమున్నంతవరకు చెప్పువాడు సాధారణముగా డీజిలు ఖర్చు చెప్పును, టైర్ల ఖర్చు మరచును.

ఇక బరువు సంగతి. పికప్ బండి అనునది రైతు పనికొరకు పుట్టినదే. అమెరికాలో రైతులు ఫోర్డు మోడల్ టి కారు వెనుక భాగమును కోసి, చెక్కపెట్టె బిగించుకొనుచుండగా, 1925లో ఫోర్డు కంపెనీయే వెనుక తొట్టితో ఆ బండిని తయారుచేసి అమ్మనారంభించినది. మన దేశములో 2005లో టాటా ఏస్ వచ్చినది. 702 సి.సి. రెండు సిలిండర్ల చిన్న ఇంజను, 750 కిలోల బరువు దానికి నిర్ణయింపబడినవి. హిందీ మాట్లాడు ప్రాంతములలో దానికి "ఛోటా హాథీ", అనగా చిన్న ఏనుగు, అని పేరు వచ్చినది. ఆ పేరు విని నిజముగా ఏనుగు బరువు ఎక్కించువారు కొందరు! బండి కదలినది గదా అని మోసినట్లు కాదు. కదలుట ఇంజను పని; మోయుట ఛాసీ, ఇరుసు, కమానుకట్టలు, టైర్ల పని; ఆపుట బ్రేకుల పని.

మీ బండి ఎంత మోయవలెనో రిజిస్ట్రేషన్ పత్రములోనే యున్నది. సరుకుతో మొత్తము బరువులో నుండి ఖాళీ బండి బరువు తీసివేయుడు. మాటవరుసకు సరుకుతో 2,900 కిలోలు, ఖాళీ బండి 1,600 కిలోలు అనుకొందము. మిగిలినది 1,300. ఇందులోనుండి డ్రైవరు, ప్రక్క మనిషి బరువు 130 కిలోలు పోగా 1,170 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 15 మాత్రమే వచ్చును. మనవారు ఆ బండిపై 25 వేయుటకు వెనుదీయరు. అప్పుడు మొత్తము బరువు 3,605 కిలోలగును. అనగా 2,900 కిలోలను ఆపుటకు చేసిన బ్రేకులు దాదాపు నాలుగవ వంతు అదనపు బరువును ఆపవలసి వచ్చును. అదనపు బరువులో ఎక్కువ భాగము వెనుక ఇరుసు మీద పడును గనుక ముందు చక్రములు తేలికపడి, స్టీరింగు మాట వినదు. తీగెను ఒకసారి వంచినచో విరగదు, పదేపదే వంచినచో విరుగును గదా. ఇరుసు, ఛాసీ కూడ అంతే. విరిగిన నాటి బరువు గాక, అంతకు ముందు రెండేండ్లు మోసిన బరువే వాటిని విరిచినది. అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు అని 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టములో ఉన్న సంగతి కూడ మరువరాదు.

"అదనముగా ఒక కట్ట వేయించితిని, ఇక భయము లేదు" అని కొందరు అందురు. ఇది చాల ప్రమాదకరమైన ఊరట. కట్ట వేసినచో బండి వెనుక భాగము క్రుంగకుండును. బరువు ఎక్కువైనట్లు కంటికి కనబడదు. ఇరుసు, హబ్బు బేరింగులు, బ్రేకులు, టైర్లు మాత్రము మునుపటివే. క్రుంగుట అనునది బండి మనకు చెప్పు మాట. దాని నోరు మూసినంత మాత్రమున బరువు తగ్గదు. కమానుకట్ట తరచుగా నడుమ బోల్టు రంధ్రము దగ్గర విరుగుచున్నచో అది ఎల్లప్పుడు బరువు దోషము కాదు. యూ బోల్టులు వదులైనను అక్కడనే విరుగును. క్రొత్త కట్టలు వేయించిన తరువాత కొంత దూరము తిరిగి, బోల్టులను మరల బిగింపించుడు.

గట్టి బండి అను ధైర్యముతోనే పత్తి తీతకు, మిరప కోతకు కూలీలను తొట్టిలో నింపి తీసికొని పోవుచున్నారు. మనుషుల బరువు బస్తాల బరువుకంటె తక్కువే కావచ్చును. కాని బస్తా పడుకొనియుండును, మనిషి నిలబడును. మలుపులో అందరును ఒక్కసారి ఒక ప్రక్కకు ఒరుగుదురు. బరువు ఎత్తులో ఉండి, కదలుచున్నచో ఎంత గట్టి ఛాసీయైనను బోల్తాపడును. పైగా సరుకు బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. పరిహారము బండి యజమాని నెత్తిన పడును. పొలము అమ్మవలసి వచ్చును. చనిపోయినవారి పిల్లలకు ఆ పొలము అమ్మిన సొమ్ముతో ఏమి తీరును? కూలీలను ఆటోలో గాని, వ్యానులో గాని, మనుషులను మోయుటకు అనుమతి ఉన్న బండిలోనే పంపుడు.

ఇప్పటి డీజిలు బండ్లలో మరియొక చిక్కు కలదు. 2020 ఏప్రిల్ నుండి అమ్మబడుచున్న బి.ఎస్.-6 బండ్లలో పొగలోని మసిని పట్టు పరికరము ఉండును. దీనిని డి.పి.ఎఫ్. అందురు. బండి కొంతసేపు ఒకే వేగముతో, వేడిగా నడచినప్పుడే ఆ మసి కాలిపోవును. చేనికి, కళ్ళమునకు నడుమ రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో మసి నిండి, దీపము వెలుగును, బలము తగ్గును. "క్రొత్త బండ్లు పనికిరావు" అను మాటలు కొన్ని ఇక్కడనుండి పుట్టినవే. వారమునకొకసారి రహదారిపై అరగంట తోలినచో ఈ బాధ చాలవరకు తప్పును. ఇంజను నూనె కూడ కంపెనీ పుస్తకములో చెప్పిన రకమే పోయవలెను. కొన్ని బండ్లకు యూరియా ద్రవము పోయవలసియుండును. అది నూటికి 32.5 పాళ్ళ స్వచ్ఛమైన యూరియాను ఖనిజములు తీసిన నీటిలో కరగించి చేసినది. పొలము యూరియాను నీటిలో కలిపి పోయకుడు. 2015 నుండి మన పొలము యూరియాకు వేపనూనె పూత ఉన్నది. అది ఖరీదైన పరికరమును పూడ్చివేయును.

మరియు ఈ పరికరము, సైలెన్సరు చాల వేడెక్కును. వరిగడ్డి మోయునప్పుడు, మోడులపై నిలుపునప్పుడు క్రింద గడ్డి చిక్కుకొనకుండ చూడవలెను. ప్రొపెల్లరు షాఫ్టుకు చుట్టుకొన్న గడ్డిని దినమునకొకసారి కోసి తీయుడు.

ఈ కంపెనీ మేలా, ఆ కంపెనీ మేలా అని అడుగువారికి మా అభిప్రాయము ఇది: మీ ఊరికి దగ్గరలో విడిభాగములు దొరకు బండి, చేయి తిరిగిన మెకానిక్కు ఉన్న బండి కొనుడు. రెండు మంచి బండ్ల నడుమ గట్టిదనములో ఉండు తేడా చిన్నది. పది రూపాయల సీలు కొరకు నాలుగు రోజులు నిలిచిపోవుట పెద్దది.

వాడిన బండి కొనునప్పుడు యజమానికి ముందుగా చెప్పి, తెల్లవారి చల్లని ఇంజనును మీరే ఆడించి చూడుడు. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. తెల్లపొగ ఎంతసేపటికిని ఆగనిచో రేడియేటరు నీరు ఇంజనులోనికి పోవుచున్నదేమో పరీక్షింపవలెను. మీటరు సంఖ్యను నమ్మకుడు. బ్రేకు పెడలు రబ్బరు అరుగుదలను చూడుడు. క్రింద పడుకొని చూచినచో అసలు కథ తెలియును. ఛాసీకి అతుకులు వెల్డింగు చేసియున్నవా? ఇరుసుపైన ఉండు రబ్బరు దిమ్మలు నలిగి చితికియున్నవా? చితికియున్నచో ఆ బండి జీవితమంతయు అధిక బరువు మోసినదని గ్రహింపవలెను. ఎంత తక్కువకిచ్చినను దానిని వదలి రండు.

వానకాలములో వాగు దాటవలసి వచ్చినచో, గాలి వడపోతకు గాలి తీసికొను గొట్టము ఎంత ఎత్తున ఉన్నదో తెలిసికొనియే దిగవలెను. ఆ గొట్టము ద్వారా ఇంజనులోనికి నీరు పోయినచో కనెక్టింగు రాడ్లు వంగును. నడుమ ఆగిపోయిన బండిని మరల మరల ఆడింపక, త్రాడు కట్టి బయటికి లాగింపుడు. చక్రములు మునిగినంత నీటిలో నడచిన తరువాత వెనుక ఇరుసు నూనెను కొంచెము తీసి చూడుడు. అది పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరినదన్నమాట. ఆ రోజే మార్పింపుడు.