కంట్రోల్‌ మీ చేతిలోనే ఉందా?

ఐటీ సపోర్టు, లినక్స్‌ అడ్మినిస్ట్రేషన్‌, డెవ్‌ఆప్స్‌... ఉద్యోగం ఏదైనా మొదటి వారంలోనే చేతికొచ్చేది నల్లటి టెర్మినల్‌ తెర. కమాండ్లన్నీ కంఠతా వచ్చినవాళ్లు కూడా అక్కడ బ్యాక్‌స్పేస్‌ పనిచేయక తికమకపడుతుంటారు. తప్పంతా సర్వర్‌దేనా? చాలాసార్లు కాదు. సెట్టింగ్స్‌ ఓసారి సరిచూసుకుంటే చాలు!

విండోస్‌ కంప్యూటర్‌ నుంచి లినక్స్‌ సర్వర్‌లోకి వెళ్లడానికి చాలామంది వాడేది పుటీ. సైమన్‌ టాథమ్‌ రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ 1999 నుంచీ అందుబాటులో ఉంది. ఇది టెర్మినల్‌ ఎమ్యులేటర్‌. అంటే 1978లో డెక్‌ కంపెనీ తెచ్చిన వీటీ100 లాంటి పాత టెర్మినల్‌ యంత్రాలను అనుకరిస్తుంది. మీరు మీట నొక్కితే సర్వర్‌కు వెళ్లేది ఒక కోడ్‌ మాత్రమే. ఇటు పంపే కోడ్‌, అటు ఎదురుచూసే కోడ్‌ ఒకటి కాకపోతేనే చిక్కులన్నీ.

బ్యాక్‌స్పేస్‌ మొరాయిస్తే...

అక్షరం చెరగకుండా తెరపై వింత గుర్తులు పడుతున్నాయా? బ్యాక్‌స్పేస్‌కు కొన్ని సిస్టమ్‌లు 8 అనే కోడ్‌ వాడితే, మరికొన్ని 127 వాడతాయి. పుటీ మామూలుగా పంపేది 127. టెర్మినల్‌ విభాగంలోని కీబోర్డ్‌ పేజీకి వెళ్లి కంట్రోల్‌-హెచ్‌కు మారిస్తే 8 వెళుతుంది.

హోమ్‌, ఎండ్‌ మీటలు పనిచేయకపోతే అదే పేజీలో స్టాండర్డ్‌, ఆర్‌ఎక్స్‌వీటీ అని రెండు ఆప్షన్లుంటాయి. ఒకటి కుదరకపోతే రెండోది ప్రయత్నించండి. ఎఫ్‌1, ఎఫ్‌2 లాంటి ఫంక్షన్‌ మీటలకూ లినక్స్‌, ఎక్స్‌టర్మ్‌ వంటి రకాలు అక్కడే కనిపిస్తాయి.

అలవాటే ముప్పు

వర్డ్‌, ఎక్సెల్‌ నేర్పిన అలవాట్లు ఇక్కడ ఎదురు తిరుగుతాయి.

కంట్రోల్‌-సి: ఇక్కడ కాపీ కాదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపమనే ఆదేశం. గంట నుంచి నడుస్తున్న బ్యాకప్‌ ఒక్క నొక్కుతో ఆగిపోవచ్చు.

కంట్రోల్‌-ఎస్‌: సేవ్‌ అనుకుని నొక్కితే తెర బిగుసుకుపోతుంది. సర్వర్‌ హ్యాంగ్‌ అయిందనుకుని కిటికీ మూసేస్తే, అందులో నడుస్తున్న పని కూడా ఆగిపోయే ప్రమాదముంది. కంగారు పడకుండా కంట్రోల్‌-క్యూ నొక్కండి. తెర మళ్లీ కదులుతుంది.

కంట్రోల్‌-జెడ్‌: అన్‌డూ కాదు. ప్రోగ్రామ్‌ పక్కకు వెళ్లి ఆగి ఉంటుంది. ఎఫ్‌జీ అనే కమాండ్‌ కొడితే తిరిగి వస్తుంది.

రైట్‌ క్లిక్‌తో జాగ్రత్త!

పుటీలో మౌస్‌తో అక్షరాలు సెలెక్ట్‌ చేస్తే చాలు, కాపీ అయిపోతాయి. రైట్‌ క్లిక్‌ చేస్తే పేస్ట్‌ అవుతాయి. సౌకర్యమే కానీ, మెనూ వస్తుందనుకుని క్లిక్‌ చేస్తే అంతకుముందు కాపీ చేసినదంతా సర్వర్‌లోకి వెళ్లిపోతుంది. అందులో లైను చివర ఎంటర్‌ కూడా ఉంటే చాలా సర్వర్లలో కమాండ్‌ వెంటనే అమలవుతుంది. కస్టమర్లు వాడుతున్న లైవ్‌ సర్వర్‌పై ఇలా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఈ బెడద తగ్గాలంటే విండో విభాగంలోని సెలెక్షన్‌ పేజీలో మౌస్‌ బటన్ల పనితీరును ‘విండోస్‌’కు మార్చండి. అప్పుడు రైట్‌ క్లిక్‌కు మెనూ వస్తుంది. పేస్ట్‌ కావాలంటే షిఫ్ట్‌-ఇన్సర్ట్‌ ఉండనే ఉంది. పెద్ద కమాండ్లను ముందు నోట్‌ప్యాడ్‌లో వేసి చదువుకున్నాకే టెర్మినల్‌లో పెట్టండి.

చేయి తిరగాలంటే...

తప్పు పడిన ప్రతిసారీ బాణం గుర్తు మీటతో ఒక్కో అక్షరం వెనక్కి వెళ్లనక్కర్లేదు. లినక్స్‌లో ఎక్కువగా ఉండే బ్యాష్‌లో ఇవి సాధన చేయండి.

* కంట్రోల్‌-ఏ: లైను మొదటికి
* కంట్రోల్‌-ఇ: లైను చివరికి
* కంట్రోల్‌-డబ్ల్యూ: కర్సర్‌ ముందున్న ఒక పదం చెరిపేందుకు
* కంట్రోల్‌-యు: కర్సర్‌ నుంచి లైను మొదటి వరకు చెరిపేందుకు
* కంట్రోల్‌-ఆర్‌: ఇంతకుముందు కొట్టిన కమాండ్‌ వెతికేందుకు

హోమ్‌, ఎండ్‌ మీటలు మొరాయించినా మొదటి రెండూ ఆదుకుంటాయి. ప్రాక్టికల్‌ ఇంటర్వ్యూలో స్క్రీన్‌ షేర్‌ చేసినప్పుడు మీకు నిజంగా అనుభవం ఉందో లేదో చెప్పేసేది ఇలాంటి చిన్న విషయాలే.

సేవ్‌ చేశారా?

సెట్టింగ్స్‌ మార్చి నేరుగా కనెక్ట్‌ అయిపోతే, రేపు మళ్లీ మొదటికే వస్తారు. ముందు సెషన్‌ పేజీలో ‘డిఫాల్ట్‌ సెట్టింగ్స్‌’ ఎంచుకుని లోడ్‌ నొక్కాలి. మార్పులు చేశాక అదే పేజీకి తిరిగొచ్చి సేవ్‌ చేయాలి. ఇకపై కొత్తగా తెరిచే ప్రతి సెషన్‌కూ అవే వర్తిస్తాయి. ఇప్పటికే వేరే పేరుతో దాచుకున్న సెషన్లుంటే వాటిని విడిగా మార్చుకోవాలి.

సాధనకు ఆఫీసు సర్వర్‌ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌ మెషీన్‌ పెట్టుకుని ఉబుంటు వేసుకోండి. రోజుకు పావుగంట మౌస్‌ ముట్టకుండా పనిచేయండి. ఉద్యోగంలో చేరేనాటికి మీటల కోసం తడుముకోకుండా అసలు సమస్యపై దృష్టి పెట్టగలుగుతారు.